ఒక డబ్బాడు పడమటి సముద్రం

ఇది రెండు సముద్రాల కథ. నాలుగు రాష్ట్రాలు, లెక్కలేనన్ని నదులు, కొండలు, నీటి చుక్క లేని మైదానాలు దాటి, ఒక యువకుడు తన మామగారి కోరిక తీర్చడానికి సూర్యుడు మునిగే సముద్రం దాకా వెళ్ళి, ఆ సముద్రాన్ని పట్టి తెచ్చిన వీరగాథ. పూర్వకాలంలో అయితే దీన్ని పద్యాల్లో రాసేవారు.

నిజం చెప్పాలంటే అంత లేదు. ఒక పాత కారు, నేను, మా ఆవిడ, అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. నదులన్నిటి మీదా వంతెనలున్నాయి. కొండలకి ఘాట్ రోడ్లున్నాయి. యువకుడికి క్యాంటీన్ భోజనం పుణ్యమా అని పొట్ట కూడా వచ్చేసింది. వీరత్వం చూపించే సందర్భం దారి మొత్తంలో ఒక్కటే తగిలింది, దాన్ని కూడా మా ఆవిడే వాడేసుకుంది.

ముందు మామగారి గురించి చెప్పాలి. ఆయన విశాఖపట్నం ఒడ్డున చేపల వేటకెళ్ళే మనిషి. వాళ్ళ నాన్నా అంతే, తాతా అంతే. మాది అదే ఊళ్ళో కంచరపాలెం, మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు. మా ఇంట్లో సముద్రమంటే చుట్టాలొచ్చినప్పుడు చూపించే వస్తువు. చుట్టాలు రాకపోతే మేమూ చూసేవాళ్ళం కాదు. నేను స్టీల్ ప్లాంటులో చేరి, ఉక్కునగరంలో క్వార్టర్ దొరికిన కొత్తలో, సెక్టార్ మార్కెట్‌లోని ఎస్టీడీ బూత్‌లో కూర్చునే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాను. ఆ అమ్మాయి ఈయన కూతురు. ఆయన కాదన్నాడు. మేం రిజిస్ట్రారు ఆఫీసులో చేసేసుకున్నాం.

అప్పుడాయన వాళ్ళ పేట పెద్దలందరి ముందూ నిలబడి ఒక మాటన్నాడట.

"నా కూతురు నా కూతురే. ఆడితో మాత్రం ఈ జల్మలో మాటాడను."

పెద్దల ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం వాళ్ళలో లేదు. తీసుకుంటే మళ్ళీ పెద్దల్ని పిలవాలి, మళ్ళీ నిలబడాలి, ఆ ఖర్చూ ఆ సిగ్గూ రెండూ ఆయనకి ఇష్టం లేవు. అయితే నేను ఆ మాటని జాగ్రత్తగా పరిశీలించాను. మాట్లాడననే ఉంది. తిండి పెట్టననలేదు. అందుకని ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి శుభ్రంగా తినేవాణ్ణి.

ఆయన నాకు జానెడు దూరంలో కూర్చుని, కూతురి వైపు తిరిగి అనేవాడు: "మీ ఆయన్ని ఇంకో ముక్కేసుకోమను."

"సాలని సెప్పు," అనేవాణ్ణి.

"వంజరం ముక్క సాలనే మనిసిని సూళ్ళేదని సెప్పు."

"సరే, ఎయ్యమని సెప్పు."

మధ్యలో మా ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. పాత ఉద్యోగమే, జీతం లేదంతే.

నాకిదంతా సరదాగానే ఉండేది. ఆవిడకి లేదు. ఒక ఆదివారం తిరిగొస్తుంటే బస్సులో కిటికీ బయటికి చూస్తూ అంది: "నీకు నవ్వులాటగుంది. నాకెలగుంటాదో ఎప్పుడైనా అడిగేవా? నాను ఆ ఇంట్లో కూకుంటే మీ ఇద్దరి మజ్జిన గోడ కట్టినట్టుంటాది. మా నాన్న నీతో ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, తిన్నగా నీ మొకం సూసి ఆడితే సాలు నాకు."

నేను కండక్టర్ని పిలిచి టిక్కెట్ కొట్టించుకున్నాను.

పెళ్ళయిన మూడో ఏడు కారు కొన్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి, ప్లాంటులో నాలాంటి వాళ్ళంతా సెకండ్ హ్యాండ్ కార్ల మీద పడ్డారు. నేను కొన్నదాని వయసు నా సర్వీసుకన్నా ఎక్కువ. వన్‌టౌన్‌లో ఒక మెకానిక్ ఉండేవాడు, భాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయన బానెట్ ఎత్తి చూసి చేతులు తుడుచుకున్నాడు, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా.

"ఇంజన్ పర్లేదు సాబ్. రేడియేటరే కొంచెం వీకు. ఎక్కడికెళ్ళినా నీళ్ళు సూస్కోండి. మంచినీళ్ళే పొయ్యండి," అన్నాడు.

నేను పనిచేసేది ఫర్నేసు దగ్గర. అక్కడ చల్లబరిచే నీళ్ళు తగ్గితే సైరన్ మోగుతుంది, నలుగురు పరిగెత్తుకొస్తారు. కారులో ఆ ఏర్పాటు లేదు. ముల్లు ఎర్రగీత దగ్గరికెళ్ళి మర్యాదగా నిలబడుతుంది. మనం చూస్తే చూశాం, లేకపోతే లేదు.

కంపెనీ ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్టీసీ తీసుకుని ప్లాంటువాళ్ళంతా ఢిల్లీ, ఆగ్రా వెళ్ళేవారు. మా ఆవిడ దక్షిణం వెళ్దామంది, అది కూడా కారులో. రైలైతే సముద్రానికి దూరంగా పోతుందని ఆవిడ ఫిర్యాదు. ఈ సంగతి పేటలో తెలిసిన ఆదివారమే అసలు కథ మొదలైంది.

ఆ రోజుల్లో పేట కుర్రాళ్ళు కొందరు గుజరాత్ వైపు బోట్ల మీద పనికెళ్ళి నెలల తరబడి ఉండి వచ్చేవారు. అలా వెళ్ళొచ్చిన ఒకతను, మామగారికి వరసకి అల్లుడే అవుతాడు, ఒడ్డున వలలు బాగుచేసే చోట కూర్చుని పడమటి సముద్రాన్ని పొగడడం మొదలుపెట్టాడు. ఆ చేప వేరంట. ఆ కెరటం వేరంట. నీళ్ళలో ఉప్పు కూడా తక్కువంట, నోట్లో పోసుకుంటే గొంతు మండదంట. మామగారు చేప విషయంలో ఊరుకున్నారు, కెరటం విషయంలో ఊరుకున్నారు. ఉప్పు దగ్గర మాత్రం లేచి నిలబడ్డారు. ఇద్దరూ వారం రోజులు వాదించుకున్నారు. రుజువు చూపించే దారి లేదు. సరిగ్గా అప్పుడు నేను కారుతో దొరికాను.

అన్నం తింటూండగా ఆయన లోపలికెళ్ళి ఒక తెల్ల డబ్బా తెచ్చి కూతురి ముందు పెట్టాడు. పడవ మోటారుకి కిరసనాయిలు పట్టుకెళ్ళే డబ్బా.

"మీ ఆయన కారేసుకుని దేశాలు తిరుగుతాడంట కదా. వచ్చేటప్పుడు ఆ పడమటి సముద్రం నీళ్ళు దీంతో అట్టుకు రమ్మను."

"ఎందుకో కనుక్కో," అన్నాను.

"రుసి సూడ్డానికని సెప్పు. నలుగురిలో సూత్తాను. అప్పుడు తేలిపోతాది."

"డబ్బా కిరసనాయిలుది కదా, అడుగు."

"సబ్బేసి కడిగినానని సెప్పు. ఒడ్డు మీద నీరు ముంచొద్దని సెప్పు, మట్టుంటాది. నడుం లోతుకెళ్ళి ముంచాల. సూరీడు అందులో కూకున్నాక ముంచాల."

"సూరీడికీ ఉప్పుకీ ఏటి సమ్మంధం?"

మా ఆవిడ ఆ ప్రశ్నని ఆయనకి చేరవెయ్యలేదు. ఎక్స్ఛేంజీలో లైను కట్ అయింది.

ఇంటికొచ్చేటప్పుడు ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. "మా నాన్న నిన్ను ఒకటి అడగడం ఇదే మొదలు," అంది.

"నన్నెక్కడడిగేడు? నిన్నడిగేడు."

"నిన్నే. నా సెవిలోంచి అడిగినాడు. ఇది తెచ్చి నువ్వే ఆయన సేతికియ్యాల. నాను మజ్జిన నిలబడను."

అదీ సంగతి. నలుగురూ ఈ ప్రయాణం గురించి అడిగితే సరదాకి వెళ్తున్నామని చెప్పాం. నిజానికి ఒక డబ్బా కోసం వెళ్తున్నాం.

మార్చి నెల మొదట్లో బయల్దేరాం. ఉక్కునగరంలో కాలానికి మూడే ముక్కలు: ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, పోట్లాటలు అన్నీ వాటి మధ్యే సర్దుకోవాలి. కారులోనూ అదే పద్ధతి పెట్టాం. పొద్దున్న ఏ షిఫ్టు ఆవిడది, మధ్యాహ్నం నించి బి షిఫ్టు నాది, సి షిఫ్టు లాడ్జిలో నిద్రది. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్నది మా టౌన్‌షిప్ రోడ్ల మీద. వెడల్పు రోడ్లు, వరసగా చెట్లు, మనుషులు తక్కువ. తప్పు చేసినా చెట్లే సాక్ష్యం. నాకన్నా బాగా నడిపేది, నేను ఒప్పుకోలేదు.

పేట పేటంతా వచ్చి మమ్మల్ని సాగనంపింది. అత్తగారు నెత్తళ్ళ ఎండుచేపల మూట ఇచ్చి కళ్ళు తుడుచుకుంది. మామగారు కూతురితో "మీ ఆయన్ని నెమ్మదిగా ఎల్లమను" అని, అటు తిరిగి నిలబడ్డారు. ఇంత ఘనంగా బయల్దేరి, ఎలమంచిలిలో టీకి ఆగాం. అంటే గట్టిగా అరిస్తే ఇంటికి వినపడేంత దూరంలో. అక్కడ టీ కొట్టతను "ఎందాకా?" అంటే "కేరళ" అన్నాను. అతను కారు వంక చూసి, నా వంక చూసి, చిల్లర ఇచ్చేశాడు.

హైవే మొత్తం నాలుగు లైన్ల కోసం తవ్వుతున్నారు. నెల్లూరు దాకా సగం దారి పక్కదారే. దారి తప్పే భయం మాత్రం లేదు, ఎందుకంటే మా ఆవిడ దగ్గర మ్యాపు కన్నా గట్టిదొకటుంది.

"ఎడం సేతికి సముద్రం ఉంటే ఊరొగ్గేసి ఎల్తన్నట్టు. కుడి సేతికుంటే ఇంటికొత్తన్నట్టు. ఇంకేటి కావాల నీకు?"

వాళ్ళ పేటలో పిల్లలు కుడి ఎడమలు నేర్చుకునేదే అలా. తూర్పు అన్న మాట కూడా వాడరు, సముద్రం వైపు అంటారు. పడమరని కొండ వైపు అంటారు. నేను మ్యాపు తీసినప్పుడల్లా ఆవిడ నవ్వేది. చెన్నై దాకా ఆవిడ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. మ్యాపు రెండుసార్లు తప్పింది, ఎందుకంటే నేను తలకిందులుగా పట్టుకున్నాను.

చెన్నై దాటి లోపలికి తిరిగాక ఆవిడకి ఊపిరాడనట్టయింది. గాలి రావట్లేదంటుంది. కిటికీలు రెండూ తెరిచే ఉన్నాయి, తలంతా దుమ్ము. "గాలి కాదు ఇది, వట్టి ఊపు," అంటుంది. సేలంలో లాడ్జివాడు మమ్మల్ని ఒక రాత్రికి చేర్చుకుని పొద్దున్నే దణ్ణం పెట్టి పంపించేశాడు. ఎండు నెత్తళ్ళు పెట్టిన సంచి ఫ్యాన్ కింద పెట్టడం మా పొరపాటే. ఆ వాసన మెట్లు దిగి రిసెప్షన్ దాకా వెళ్ళింది. ఆవిడకి మాత్రం ఊరుదాటాక మొదటిసారి హాయిగా నిద్రపట్టింది.

పాలక్కాడు దాటి, త్రిశ్శూరు దాటి, చావక్కాడ్ అనే చోట సాయంత్రానికి సముద్రం కనపడింది. ఆవిడ చెప్పులు కారులోనే వదిలేసి పరిగెత్తింది. నేను డబ్బా పట్టుకుని వెనకాల. ఇద్దరం పడమటి సముద్రం ఎదురుగా, ఆ మహాదృశ్యం కోసం నిలబడ్డాం. మబ్బు పట్టింది. సూర్యుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. కాసేపటికి చీకటి పడింది, దాన్నిబట్టి మునిగాడని అనుకోవాలి.

"ముంచీమంటావా?" అన్నాను.

"సూరీడు కనపళ్ళేదు కదా. మా నాన్న అడిగితే ఏటి సెప్తాను? మునిగినాడని ఊహించుకున్నామని సెప్పనా?"

"రేపు కోజికోడ్‌లో సూద్దాం. మన దారే కదా. పొద్దున్న నువ్వు నడుపు."

మా పథకం అదే. ఒడ్డెంట ఉత్తరానికి, కోజికోడ్ మీదుగా మంగళూరు దాకా వెళ్ళి, అక్కణ్ణించి కర్ణాటక లోపలికి తిరిగి ఇంటికి. ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు వెళ్ళేవాడు వచ్చేవాడికి సంగతులన్నీ అప్పజెప్పి వెళ్ళాలి. నేను ఆ పొద్దున్న పూర్తిగా అప్పజెప్పకుండా, "ఇంక ఇంటి దారే, ఒడ్డెంట పోనీ" అని ఒక్క ముక్క చెప్పి వెనక సీట్లో పడుకున్నాను. ఏళ్ళ తరబడి సి షిఫ్టు చేసిన ఒళ్ళు, పొద్దుటి పూట కారు ఊగితే మొద్దులా నిద్రపోతుంది.

మెలకువ వచ్చేసరికి కారు ఆగి ఉంది. ఎదురుగా నీళ్ళు. నీళ్ళ మీద పడవ. ఆ పడవ మీదికి లారీ ఎక్కుతోంది.

"ఏటిది?"

"రోడ్డయిపోనాది," అంది.

"కోజికోడ్ వచ్చీసిందా?"

"ఏమో. సముద్రం కుడి సేతికే ఉంది. ఎక్కడా ఒగ్గీనేదు నాను."

దిగి, పడవ టిక్కెట్లు అమ్మే మనిషిని అడిగాను. అవతలి ఒడ్డున ఉన్నది కొచ్చి ఊరన్నాడు. అంటే కోజికోడ్‌కి సరిగ్గా వ్యతిరేక దిక్కు. మ్యాపు బానెట్ మీద పరిచాను, ఈసారి తిన్నగానే.

"ఇటు సూడు. ఇక్కడ సముద్రం పడమర పక్కనుంది."

"సముద్రం ఎక్కడుండాలో అక్కడే ఉంది. మనమే అటేపుకి వచ్చేం."

"అదే సెప్తన్నాను. ఇక్కడ కుడి సేతికి సముద్రం ఉంటే ఇంటి నించి ఇంకా దూరం పోతన్నట్టు."

ఆవిడ కాసేపు రెండు చేతులూ చాపి నిలబడింది. ఒక చెయ్యి నీళ్ళ వైపు, ఒక చెయ్యి కొబ్బరిచెట్ల వైపు. పుట్టినప్పట్నించీ నమ్మిన సూత్రం అలా ఎండలో నిలబడి తిరగబడటం నేను కళ్ళారా చూశాను. బ్రహ్మాండమైన ఘట్టమే, పక్కన లారీవాడు హారన్ కొట్టకుండా ఉంటే.

"మరైతే ఈలు ఇంటికెలగ ఎల్తారు?" అంది చివరికి.

"ఈల ఇల్లు ఇక్కడే కదా."

"ఔను కదా," అంది, చాలా సీరియస్‌గా.

ప్లాంటులో అయితే దీనిమీద ఎంక్వైరీ వేసి, అప్పగింత సరిగా జరగలేదని నాకే మెమో ఇచ్చేవారు. ఇక్కడ ఇద్దరం ఒకరినొకరు క్షమించేసి పడవెక్కాం. ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని.

అవతలి ఒడ్డున ఆవిడ అడుగు కదపలేదు. నీళ్ళ అంచున లావుపాటి దుంగలతో కట్టిన పెద్ద పెద్ద వలలు వరసగా ఉన్నాయి. నలుగురు మనుషులు ఒడ్డున నిలబడి తాళ్ళు వదిలితే వల నీళ్ళలోకి దిగుతుంది, లాగితే చేపలతో లేస్తుంది. మళ్ళీ దిగుతుంది, మళ్ళీ లేస్తుంది.

"ఈలు సముద్రంలోకి ఎల్లరేటి? సముద్రమే ఈల కాడికొత్తదా?"

"బావుంది కదా?"

"మా నాన్న సూత్తే ఇది వేట కాదు, ఆఫీసు ఉజ్జోగం అంటాడు." అయినా చూస్తూనే ఉంది. పక్కన చేపలమ్మే ఒకావిడ బల్ల ముందు ఆగి, ఒక చేప మొప్ప ఎత్తి చూసి పెదవి విరిచింది. అమ్మే ఆవిడ మలయాళంలో ఏదో అంది. మా ఆవిడ తెలుగులో ఏదో అంది. ఒకరి మాట ఒకరికి తెలీదు, కానీ ఆ చేప నిన్నటిదన్న విషయంలో ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చేశారు. బల్ల కింద నించి ఇవాళ్టి చేప బయటికొచ్చింది. ఇంత చనువయ్యాక మా ఆవిడ కారులోంచి నెత్తళ్ళ మూట తెచ్చి సగం ఆవిడ బల్ల మీద పోసింది. ఆవిడ వాసన చూసి, తల ఊపి, మాకు చేప వేయించి పెట్టించింది. నాకు కుర్చీ వేశారు. భాష తెలిసినవాళ్ళెవరూ నాకెప్పుడూ కుర్చీ వెయ్యలేదు.

సాయంత్రం మబ్బు లేదు.

సూర్యుడు ఎర్రగా, కొంచెం నొక్కినట్టుగా, నీళ్ళ మీదికి వచ్చి ఆగాడు. మా ఊళ్ళో అందరం ఆయన సముద్రంలోంచి లేవడమే చూశాం. తిరుగు ప్రయాణం చూడటం ఇదే. నేను ఏదో అనబోయాను, రోజూ జరిగేదే కదా అని. ఆవిడ వెనక్కి తిరిగి నేల వంక చూస్తోంది.

"మన నీడలు ఊళ్ళోకి పడతన్నాయి," అంది. "మన కాడ పొద్దున్న పడినట్టే."

నేను కూడా తిరిగి చూశాను. రెండు పొడుగాటి నీడలు, ఒకటి పొట్టతో, ఇసక దాటి ఊరి వైపు వెళ్తున్నాయి. మా ఇంట్లో ఇప్పటికీ ఫోటో లేని ఫోటో అదొక్కటి. ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుని నిలబడింది, సూర్యుడు పూర్తిగా అయిపోయేదాకా.

తర్వాత చీర ఎగదోపుకుని నడుం లోతుకు వెళ్ళి డబ్బా ముంచింది. మూత నేను బిగించాను. మళ్ళీ ఆవిడ బిగించింది.

ఒక రోజు పోయింది కాబట్టి మంగళూరు మానేశాం. సెలవు అయిపోవస్తోంది. వచ్చిన దారినే సేలం వెళ్ళి, అక్కణ్ణించి బెంగళూరు, మదనపల్లె, రాయచోటి, కడప మీదుగా అడ్డంగా ఇంటికి కొడదామని లెక్కేశాను. మ్యాపు మీద అది చాలా చిన్న గీత. ఆ గీత మీద మార్చి ఎండ ఎలా ఉంటుందో మ్యాపులో వెయ్యలేదు.

రాయచోటి దాటాక ముల్లు ఎర్రగీత చేరింది. నేను పాలకోవా గురించి ఆలోచిస్తున్నాను, ముందు ఘాట్ దగ్గర మంచి కోవా దొరుకుతుందని ఎవరో చెప్పారు. బానెట్ సందుల్లోంచి పొగ వచ్చాక ఆపాను. చుట్టూ నల్లటి బండరాళ్ళ గుట్టలు, తుమ్మచెట్లు, ఒక రోడ్డు. సైరన్ లేదు, పరిగెత్తుకొచ్చే నలుగురూ లేరు. ఇంజన్ చల్లారేదాకా ఆగి, తాగే నీళ్ళ సీసాలు రెండూ రేడియేటర్లో పోశాను. అడుగు కూడా తడవలేదనిపించింది.

మేకలు తోలుకుంటూ ఒకాయన వచ్చి, మా వంక, బానెట్ వంక చూశాడు.

"నీళ్ళు దొరుకుతాయా ఇక్కడ?" అన్నాను.

"యాడుంటాయబ్బా ఈడ. అదో, ఆ తోటకాడ బోరుండాది. కరెంటు లేదు."

"ఎప్పుడొస్తాది?"

"వచ్చినపుడు వస్తాది," అని మేకలతో వెళ్ళిపోయాడు. అతన్ననడానికి లేదు. కరెంటు గురించి ఇంతకన్నా కచ్చితమైన మాట నేను వినలేదు.

చెయ్యెత్తితే బస్సొకటి ఆగకుండా పోయింది. లారీ ఒకటి ఆగి, మా దగ్గరే నీళ్ళుంటాయా అని అడిగి పోయింది. నేను తుమ్మచెట్టు కింద కూలబడ్డాను. కాసేపటికి ఆవిడ వెనక సీట్లోంచి తెల్ల డబ్బా తీసుకుని వచ్చింది.

"వద్దు," అన్నాను.

"ఏటి వద్దు?"

"అది మీ నాన్నది. దీనికోసమే కదా ఇంత దూరం వచ్చేం. ఇది లేకుండా ఎల్తే ఆయన ఇంక జల్మలో..." డబ్బాకి రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఇంత ఆత్మత్యాగం నేను సినిమాల్లోనే చూశాను. "బోరుకి కరెంటు వచ్చేదాకా ఇక్కడే ఉందాం. కావాలంటే రేపటిదాకా."

"తాగడానికి?"

అది నేను ఆలోచించలేదు.

"ఎండకి నీ మొకం సూడు, ఎండు నెత్తల్లాగయిపోనావు," అంది. "మా నాన్న నీతో మాటాడకపోతే మూడేళ్ళు బతికే ఉన్నావు. నీళ్ళు లేకపోతే రేపటికుండవు. జరుగు."

"ఆయన రుసి సూడాలన్నాడు కదే."

"రుసి సూడ్డానికి సముద్రం మొత్తం కావాలేటి?"

రేడియేటర్ మూత తీసి డబ్బా వంచింది. పడమటి సముద్రం గుడగుడమంటూ కారులోకి దిగింది. నేను మొహం అటు తిప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి డబ్బా అడుగున నాలుగువేళ్ళ నీళ్ళు మిగిల్చి మూత బిగిస్తోంది. మూత బిగించాక ఆ డబ్బాని కొంగుతో తుడిచింది, పిల్లాడి మూతి తుడిచినట్టు. అప్పుడు తెలిసింది, ఆవిడకి కష్టంగా లేక కాదు.

కారు కదిలింది. ఘాట్ దగ్గర కోవా కొన్నాం. బావుంది. ఆ కష్టానికి తగినంత బావుండలేదు.

ఆదివారం పొద్దున్న పేటకి వెళ్ళాం. వలలు బాగుచేసే చోట అప్పటికే జనం చేరారు. పెద్దలు నలుగురు, గుజరాత్ వెళ్ళొచ్చినతను, వాళ్ళ వెనక తీర్పు వినడానికి మిగతా పేట. మామగారు మధ్యలో గోచీ సర్దుకుని కూర్చున్నారు. మా ఆవిడ డబ్బా నా చేతిలో పెట్టి, అన్నమాట ప్రకారం రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. ఎదురుగా నేనూ ఆయనా, మధ్యలో ఎవరూ లేరు. నాకు ఫర్నేసు ముందు కూడా అంత చెమట పట్టదు.

డబ్బా ఇచ్చాను. ఆయన ఊపి చూశారు. తేలిగ్గా ఉంది. కూతురి వైపు చూశారు. ఆవిడ ఆకాశం వైపు చూసింది.

మూత తీసి, అరచేతిలో కొంచెం పోసుకుని, కళ్ళు మూసుకుని నాలిక మీద వేసుకున్నారు. గుజరాత్ అతను ముందుకి వంగాడు. మామగారి మొహం మెల్లగా నలిగింది. పక్కకి తిరిగి ఉమ్మేశారు. తర్వాత తిన్నగా, సూటిగా, నా మొహంలోకి చూశారు.

"డబ్బా కడక్కుండా ముంచీసినావేటి అల్లుడూ? ఒట్టి కిరసనాయిలు కంపు."

పేటంతా ఆయన నోటి వంకే చూస్తోంది. ఒక కాకి మాత్రం ఏదో అంది.

"డబ్బా నీదే కదా నాన్నా," అంది మా ఆవిడ. "సబ్బేసి కడిగినానన్నావు కదా."

"కడిగినాను. మల్లీ కడుక్కోవాలని తెలీదేటి ఈడికి? సదువుకున్నాడు కదా."

గుజరాత్ అతను తొడ కొట్టి నవ్వాడు. "మాటాడీసినావు మావా. పెద్దల ముందే మాటాడీసినావు."

మామగారు పెద్దల వంక చూశారు. పెద్దలు గడ్డాలు గోక్కున్నారు.

"మాటాడ్లేదు," అన్నారు ఆయన. "తిట్టినాను."

పెద్దల్లో ఒకాయన తల ఊపాడు. తిట్టడం మాట్లాడటం కిందికి రాదని అక్కడికక్కడే తేలిపోయింది. ఉప్పు సంగతి తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

ఆ రోజు నించి ఆయన నన్ను ప్రతి ఆదివారం తిట్టేవారు. తక్కువ తింటున్నానని తిట్టేవారు, కారు ఎండలో పెట్టానని తిట్టేవారు, ప్లాంటులో జీతాలు ఎప్పుడు పెంచుతారో కూడా తిట్టే అడిగేవారు. నేను నేరుగా జవాబు చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఎక్స్ఛేంజీ మూసేసి, పళ్ళెం పట్టుకుని మా ఇద్దరి పక్కన కూర్చుని, తలెత్తకుండా తినేది. వాళ్ళమ్మ అనేది, పెళ్ళికి ముందు ఇలాగే తినేదని.

కారుని వన్‌టౌన్‌లో భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మూత తీసి, వేలు ముంచి, వాసన చూసి, నా వంక చూశాడు. రేడియేటర్లో ఉప్పునీళ్ళు పొయ్యకూడదు. పోస్తే లోపలంతా తుప్పు పడుతుంది, కడిగినా లాభం ఉండదు. కొత్తది వేయించాలన్నాడు. ఎంతవుతుందని కూడా అడక్కుండా వేయించాను.